కుర్ర క్వార్టర్‌బ్యాక్ కాళ్లు, ముందున్న ఐదుగురి చేతులు

2021 సెప్టెంబరు 26న క్లీవ్‌ల్యాండ్‌లో బ్రౌన్స్ మీద అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు షికాగో బేర్స్ తరఫున జస్టిన్ ఫీల్డ్స్ మొదటిసారి ఆట ఆరంభం నుంచీ క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే దాడిని నడిపిస్తూ బంతి విసిరేవాడిగా దిగాడు. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఆ ఏడాది 11వ స్థానంలో తీసుకున్న కుర్రాడు. ఒహాయో స్టేట్‌లో ఆడే రోజుల నుంచే మెరుపు వేగానికి పేరు. ఆ రోజు 20 పాస్‌లు వేస్తే 6 మాత్రమే చేరాయి, వచ్చినవి 68 గజాలు. 9 సార్లు సాక్ అయ్యాడు, అంటే బంతి విసరకముందే పడగొట్టేశారు, అందులో 67 గజాలు పోయాయి. పాసింగ్‌లో జట్టుకు నికరంగా మిగిలింది ఒక్క గజం. బ్రౌన్స్ ఎడ్జ్ రషర్ (అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదకు దూసుకొచ్చే డిఫెండర్) మైల్స్ గారెట్ ఒక్కడే నాలుగున్నర సాక్‌లు చేశాడు. బేర్స్ 26-6 తేడాతో ఓడిపోయారు.

అంత వేగం ఉన్నవాడు తొమ్మిది సార్లు ఎలా దొరికిపోయాడన్నది ఆ వారమంతా నడిచిన చర్చ. పరిగెత్తగలిగే క్వార్టర్‌బ్యాక్ ఉంటే ముందున్న లైన్ కాస్త బలహీనంగా ఉన్నా నెట్టుకురావచ్చనే నమ్మకం చాలామందిలో ఉంది. అనుభవం దీనికి ఎదురు చెబుతోంది. కాళ్లున్న కుర్రాడికి లైన్ అవసరం తగ్గదు, ఆ అవసరం రూపం మారుతుంది. ఏ రకం లైన్, ఏ రకం ఆటలు (బంతి కదిలించిన ప్రతిసారీ అమలు చేసే పథకాలు), లైన్‌తో పాటు క్వార్టర్‌బ్యాక్ ఏం నేర్చుకోవాలి అన్నవి కలిపి చూడకపోతే లెక్క తప్పుతుంది. ఆ తప్పు, దాని దిద్దుబాటు రెండూ షికాగోలోనే నాలుగైదేళ్ల వ్యవధిలో జరిగాయి కాబట్టి ఇక్కడ ఎక్కువగా ఆ జట్టునే ఉదాహరణగా తీసుకుంటున్నాం.

అమెరికన్ ఫుట్‌బాల్‌తో పరిచయం లేనివారికి రెండు ముక్కలు. బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందించేవాడు సెంటర్. అతనికి అటూ ఇటూ గార్డ్‌లు, వాళ్లకు అవతల చివర్లలో టాకిల్స్. ఈ ఐదుగురే అఫెన్సివ్ లైన్. ఒక్కొక్కరూ సుమారు 135 నుంచి 150 కిలోలు ఉంటారు. క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేదాకా ఎదుటివాళ్లను ఆపడం వీళ్ల పని. విసరకముందే అతన్ని బంతి ఉంచిన గీత వెనక పడగొడితే అది సాక్. బంతి చేతికొచ్చాక విసరడానికి సగటున మూడు సెకన్ల లోపే దొరుకుతుంది. లైన్ గురించి ఎంత మాట్లాడుకున్నా చివరికి ఆ రెండున్నర, మూడు సెకన్ల గురించే.

ఎనిమిది గజాల లెక్క

లైన్ ఇచ్చేది సమయం అంటారు. నిజానికి అది ఇచ్చేది సమయం కన్నా ముందు ఒక చోటు. షాట్‌గన్ అనే అమరికలో క్వార్టర్‌బ్యాక్ సెంటర్‌కు దాదాపు 5 గజాల వెనక నిలబడతాడు. బంతి అందుకుని మూడడుగులు వెనక్కి వేస్తే 7, 8 గజాల దగ్గర ఆగుతాడు. లైన్‌లో ఐదుగురూ అతను అక్కడే ఉంటాడన్న భరోసాతో తమ అడుగులు వేస్తారు. వాళ్లు వెనక్కి తిరిగి చూడలేరు కదా.

టాకిల్ పని చూడండి. బంతి కదలగానే బయటి కాలిని వెనక్కి తన్ని, లోపలి కాలిని నేలకు ఒరిపించినట్టు దాని వెంట లాగుతాడు. దీన్నే కిక్ స్లైడ్ అంటారు. ఇలా రెండు మూడు సార్లు చేసి, రషర్ శరీరంలో లోపలి సగం తన ఛాతీకి ఎదురుగా ఉండేలా చూసుకుంటాడు. లోపలి దారి మూసేయాలి, బయటి దారి వదిలినా ఫర్వాలేదు. ఎందుకంటే బయటి నుంచి చుట్టి వచ్చేవాడిని పూర్తిగా ఆపనక్కర్లేదు. అతన్ని 9, 10 గజాల లోతుకు నెట్టుకుంటూ తీసుకెళ్తే చాలు. ఈలోగా క్వార్టర్‌బ్యాక్ ఒకటి రెండడుగులు ముందుకు వేస్తే రషర్ అతని వీపు వెనక నుంచి గాలిని పట్టుకుని పోతాడు. ఇది టాకిల్ గెలిచిన ఆట.

కుర్రాడు ముందుకు అడుగేయకుండా వెనక్కి జారితే ఇదే ఆట తిరగబడుతుంది. 8 గజాల దగ్గర ఆగాల్సినవాడు 10, 11 గజాల దాకా పోతే, టాకిల్ ఎంతో శ్రమపడి పక్కకు నెట్టిన రషర్ తిన్నగా అతని ఒడిలోకి వచ్చి పడతాడు. టీవీలో టాకిల్ ఓడిపోయినట్టు కనిపిస్తుంది, కామెంటరీలోనూ అతని పేరే వినిపిస్తుంది. తప్పు మాత్రం ఆ రెండు మూడు గజాలది. కాలేజీలో ఇలా వెనక్కి జారి, రషర్‌ను చుట్టి పక్కనుంచి పరిగెత్తి బయటపడిన అలవాటు చాలామంది చురుకైన క్వార్టర్‌బ్యాక్‌లకు ఉంటుంది. అక్కడ వెంటపడేవాడు రోజూ ఒకే స్థాయివాడు కాదు. ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 120 కిలోల ఎడ్జ్ రషర్ కూడా ఆ మలుపును అంతే వేగంతో తిరుగుతాడు.

ఇంకో రకం నష్టం పెనాల్టీ రూపంలో వస్తుంది. క్వార్టర్‌బ్యాక్ లోపలే ఉన్నాడనుకుని టాకిల్ తన బరువంతా లోపలివైపు పెట్టి నిలబడతాడు. కుర్రాడు ఏదో నీడ చూసి ముందే బయటికి పరిగెడతాడు. రషర్ అది చూసి ఒక్కసారిగా అటు తిరుగుతాడు. టాకిల్ చేతులు అతని భుజం మీదే ఉండిపోయి జెర్సీ సాగుతుంది. హోల్డింగ్, 10 గజాలు వెనక్కి. ఇలాంటి పెనాల్టీలు ఎక్కువైన జట్టులో లైన్‌మెన్ క్రమశిక్షణ గురించి ఉపన్యాసాలు వినిపిస్తాయి. క్వార్టర్‌బ్యాక్ పాకెట్‌ను, అంటే లైన్ కాపాడే చోటును, ఏ క్షణంలో వదిలాడో పక్కన పెట్టి చూస్తే సగం సంగతి అక్కడే తేలుతుంది.

లైన్‌మెన్ సొంత తప్పులు లేవని కాదు. నడుము దగ్గర వంగి ముందుకు పడిపోవడం అన్నిటికన్నా మామూలు తప్పు. అప్పుడు రషర్ చేతిని కిందకు కొడితే చాలు, అంత భారీ మనిషీ బోర్లా పోతాడు. బయటి వేగానికి భయపడి అతిగా బయటికి జరగడం మరొకటి. దాంతో లోపలి దారి తెరుచుకుంటుంది, అది క్వార్టర్‌బ్యాక్‌కు అతి దగ్గర దారి. చేతులు ఛాతీ మీద కాకుండా భుజాల బయట పడటం, తాకగానే కాళ్లు ఆగిపోవడం, బలంగా నెట్టుకొచ్చేవాడి ముందు తుంటి దించి నేలను పట్టుకోలేకపోవడం కూడా తరచూ కనిపిస్తాయి. ఇవి నేర్పితే వచ్చేవే, కానీ ప్యాడ్‌లు కట్టుకుని ఢీకొడితేనే వస్తాయి. ఆటగాళ్ల సంఘంతో కుదిరిన 2011 ఒప్పందం నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లకు సీజన్‌లో ప్యాడ్‌లతో చేసే ప్రాక్టీసులు 14కే పరిమితమయ్యాయి. కుర్ర లైన్‌మన్ తన తప్పులు దిద్దుకునే చోటు చాలావరకు ఆదివారం ఆటే అయిపోయింది. దాని ఖరీదు వెనకున్నవాడు చెల్లిస్తాడు.

మధ్య ముగ్గురి విలువ

లెఫ్ట్ టాకిల్‌నే లైన్‌కు రాజుగా చూడటం పాత అలవాటు. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమవైపు కనబడదు కాబట్టి ఆ కాపలాదారుడికి ఎక్కువ జీతం. అది తప్పేమీ కాదు. అయితే చురుకైన క్వార్టర్‌బ్యాక్ విషయంలో ఈ బేరీజు మార్చుకోవాలి. అంచుల నుంచి వచ్చే ఒత్తిడిని అతను ముందుకు అడుగేసి తప్పించుకోగలడు, లేదా రషర్ దాటిపోయాక ఆ ఖాళీలోంచి పరిగెత్తగలడు. మధ్యలోంచి, అంటే సెంటర్, గార్డ్‌ల మీదుగా వచ్చే ఒత్తిడి ఈ రెండు దారులనూ ఒకేసారి మూసేస్తుంది. ముందుకు వేసే అడుగుకు చోటుండదు. విసిరే చెయ్యి ముందుకు సాగదు. చూపు బంతి అందుకునే రిసీవర్ల మీద నుంచి ఎదురుగా ఉన్న మనిషి మీదకు దిగిపోతుంది. ఎత్తు మరీ ఎక్కువ లేనివాడైతే అసలు మైదానమే కనబడదు.

డిఫెన్స్ కోచ్‌లకు ఇది బాగా తెలుసు. పరిగెత్తే క్వార్టర్‌బ్యాక్ మీద ఎడ్జ్ రషర్లను వేగంగా చుట్టి రమ్మనరు. క్వార్టర్‌బ్యాక్ లోతు దాటవద్దని, బయటి దారి మూసి నెమ్మదిగా పంజరం బిగించినట్టు రమ్మంటారు. మధ్యలో ఆడే ఇద్దరు డిఫెండర్లు, అంటే డిఫెన్సివ్ టాకిల్స్, గార్డ్‌లను వెనక్కి నెడతారు. అవసరమైతే వాళ్ల వెనక నిలబడే లైన్‌బ్యాకర్లలో ఒకడిని కేవలం క్వార్టర్‌బ్యాక్ కదలికలకే కాపలా పెడతారు. గార్డ్‌లు గీత నుంచి 3, 4 గజాల లోపల నిలబడగలిగితే ఈ పంజరం బిగియదు. 5, 6 గజాలు వెనక్కి వచ్చేస్తే టాకిల్స్ ఎంత బాగా ఆడినా లాభం లేదు.

జో తూనీ అనే గార్డ్ ప్రయాణం ఈ సంగతికి మంచి సాక్ష్యం. 2021 ఫిబ్రవరి 7న జరిగిన లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో కాన్సాస్ సిటీ చీఫ్స్ ఇద్దరు అసలు టాకిల్స్ లేకుండా ఆడి టాంపా బే చేతిలో 31-9తో ఓడింది. ప్యాట్రిక్ మహోమ్స్ అంతటి క్వార్టర్‌బ్యాక్ ఆ రోజంతా వెనక్కీ పక్కకీ పరిగెత్తుతూనే ఉన్నాడు. వెంటనే ఆ జట్టు లైన్ మొత్తాన్ని మార్చింది. లెఫ్ట్ గార్డ్‌గా తూనీని తెచ్చుకుంది, ఒర్లాండో బ్రౌన్‌ను లెఫ్ట్ టాకిల్‌గా తీసుకుంది. అదే ఏడాది డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్‌లో సెంటర్ క్రీడ్ హంఫ్రీ, ఆరో రౌండ్‌లో గార్డ్ ట్రే స్మిత్ దొరికారు. రెండేళ్ల తరవాత, సీజన్‌లో 70 సాక్‌లు చేసిన ఫిలడెల్ఫియా ఈగల్స్ మీద సూపర్ బౌల్ ఆడినప్పుడు మహోమ్స్ ఒక్కసారి కూడా సాక్ కాలేదు. చీఫ్స్ 38-35తో గెలిచారు.

2025 ఫిబ్రవరిలో అదే ఈగల్స్‌తో మళ్లీ తలపడ్డప్పుడు సరైన లెఫ్ట్ టాకిల్ లేక తూనీని గార్డ్ స్థానం నుంచి ఆ చోటుకి జరిపారు. ఒక చిల్లు పూడ్చబోతే రెండు చోట్ల పట్టు తగ్గింది. ఈగల్స్ అదనంగా ఎవర్నీ పంపే అవసరమే రాలేదు, ముందున్న నలుగురితోనే పని కానిచ్చారు. మహోమ్స్ 6 సార్లు సాక్ అయ్యాడు. లైన్‌లో మంచి ఆటగాడు ఎంతమంది అన్నదానికన్నా, ఎవరు ఎక్కడ, ఎన్నాళ్లుగా పక్కపక్కన అన్నది ఎంత ముఖ్యమో అక్కడ కనిపించింది.

బంతి కదలకముందే జరిగే పొరపాట్లు

సాక్‌లలో చాలా వాటికి బీజం బంతి కదలకముందే పడుతుంది. ఐదుగురు లైన్‌మెన్, బంతితో పరిగెత్తే రనింగ్ బ్యాక్ ఒకడు కలిపి ఆరుగురు కాపలా అనుకుందాం. ఎదుటివాళ్లు ఆరుగురిని పంపితే లెక్క సరిపోతుంది, ఏడుగురిని పంపితే ఒకడు మిగులుతాడు. ఆ మిగిలినవాడి సంగతి క్వార్టర్‌బ్యాక్ చూసుకోవాలి. అతను చేరేలోపు బంతిని దగ్గరి రిసీవర్‌కు వదిలేయాలి. ఇందుకోసం లైన్ ముందే ఒక లైన్‌బ్యాకర్‌ను గుర్తుగా పెట్టుకుంటుంది. టీవీలో సెంటర్ వేలు చూపిస్తూ "54 మైక్!" అని అరవడం కనిపిస్తుంది కదా, అది ఇదే, 54వ నంబరు లైన్‌బ్యాకరే ఆ గుర్తు అని. ఆ గుర్తును బట్టి లైన్‌లో ముగ్గురు ఒకవైపు జరుగుతారు, మిగతా ఇద్దరు తమ ఎదుటివాళ్లను చెరొకరూ పట్టుకుంటారు, రనింగ్ బ్యాక్ రెండోవైపు చూస్తాడు. దీనికి హాఫ్ స్లైడ్ అని పేరు.

గుర్తు ఒక మనిషి అటో ఇటో తప్పితే చాలు, ముగ్గురు జరిగిన వైపు ఎవరూ రారు, రెండోవైపు ఒకడు ఎవరూ తాకకుండా వచ్చేస్తాడు. ఇప్పటి డిఫెన్స్‌లు దీనికోసమే ఆరేడుగురిని గీత మీద నిలబెట్టి, చివరికి నలుగురినే పంపుతాయి. కాకపోతే ఏ నలుగురన్నది చివరి క్షణం దాకా తెలియనివ్వవు. అనుభవం ఉన్న క్వార్టర్‌బ్యాక్ గొంతు మార్చి, ఉత్తుత్తి పిలుపులిచ్చి ఎదుటివాళ్లను ముందే కదిలేలా చేసి గుట్టు లాగుతాడు. కాలేజీలో చాలామంది కుర్రాళ్లు పక్కనుంచి కోచ్ చూపించే బోర్డులు, సైగలు చూసి ఆడినవాళ్లు. ఈ పిలుపుల బాధ్యత వాళ్లకు కొత్త. అందుకే మొదటి రెండేళ్లు ఆ పనిని సెంటర్‌కు అప్పగించడం తెలివైన పద్ధతి. అలా అప్పగించాలంటే అంత తల ఉన్న సెంటర్ జట్టులో ఉండాలి.

బంతి కదిలాక వచ్చే ప్రమాదం స్టంట్. డిఫెన్సివ్ టాకిల్ గార్డ్‌ను వదిలేసి బయటికి, టాకిల్ మీదకు దూసుకెళ్తాడు. అదే సమయంలో ఎడ్జ్ రషర్ అతని వెనక నుంచి చుట్టి లోపలికి వస్తాడు. గార్డ్, టాకిల్ ఇద్దరూ ఒకే లోతులో ఉండి, ఒకరినొకరు తాకుతూ తమ మనుషులను మార్చుకోవాలి. కబడ్డీలో చేతులు పట్టుకున్న డిఫెండర్లలో ఒకడు తొందరపడి ముందుకు దూకితే గొలుసు తెగి రైడర్‌కు దారి దొరుకుతుంది, ఇక్కడా అంతే. గార్డ్ తన మనిషి వెంట ఒక అడుగు ఎక్కువ పోయినా మధ్యలో తలుపు తెరిచినట్టే. ఈ మార్పిడి మాటలతో జరిగే వ్యవహారం కాదు, అంత టైం ఉండదు. ఒకే జంట వందల సార్లు పక్కపక్కన చేస్తేనే చేతికి వస్తుంది. ప్రతి రెండు వారాలకూ గార్డ్ మారే జట్టులో స్టంట్‌లను ఆపగలమని ఆశించడం అత్యాశ.

సాక్ ఎవరి ఖాతాలో?

ఒత్తిడిని లైన్ ఖాతాలో, సాక్‌ను క్వార్టర్‌బ్యాక్ ఖాతాలో వేయాలన్నది విశ్లేషకుల్లో ఇప్పుడు బలంగా ఉన్న వాదన. లీగ్ మొత్తంలో ఒత్తిడి వచ్చిన ప్రతి ఐదు సార్లలో సుమారు ఒకసారి సాక్ అవుతుంది. కొందరు క్వార్టర్‌బ్యాక్‌లు ఏ జట్టుకు వెళ్లినా ఈ నిష్పత్తి పెద్దగా మారదు. ఇందులో చాలా నిజముంది, కాకపోతే దీన్ని కుర్రాళ్లకు గుడ్డిగా వర్తింపజేస్తే అన్యాయం జరుగుతుంది. ఒత్తిడి అలవాటుగా మారితే అది ఆటనే మార్చేస్తుంది.

హ్యూస్టన్ టెక్సన్స్ కథ అలాంటిదే. 2002లో కొత్తగా పుట్టిన జట్టు, డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికగా డేవిడ్ కార్‌ను తీసుకుంది. అతన్ని కాపాడటానికని తెచ్చుకున్న లెఫ్ట్ టాకిల్ టోనీ బొసెల్లి భుజం గాయాలతో ఆ జట్టుకు ఒక్క ఆట కూడా ఆడలేదు. కార్ ఆ సీజన్‌లో 76 సార్లు సాక్ అయ్యాడు, అది ఇప్పటికీ లీగ్ రికార్డు. 2004లో 49 సార్లు, 2005లో 68 సార్లు, రెండేళ్లూ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. ఇంతగా దెబ్బలు తిన్నవాడి కళ్లు రిసీవర్లను వదిలి రషర్లను వెతుక్కోవడం మొదలుపెడతాయి. మొదటి రిసీవర్ దొరక్కపోతే రెండో, మూడో మనిషిని చూసే ఓపిక పోతుంది, పాదాలు కుదురుగా నిలవవు. తరవాత మంచి లైన్ దొరికినా ఈ అలవాటు ఒక పట్టాన వదలదు.

షికాగోలో ఫీల్డ్స్ విషయం ఇంకాస్త మెలికగా ఉంది. 2022లో అతను 1,143 గజాలు పరిగెత్తాడు. ఒక సీజన్‌లో క్వార్టర్‌బ్యాక్ చేసిన పరుగుల్లో అప్పటికి అది రెండోది, పైన బాల్టిమోర్ క్వార్టర్‌బ్యాక్ లామార్ జాక్సన్ 2019లో సాధించిన 1,206 మాత్రమే. జట్టు మొత్తంగా రనింగ్‌లో లీగ్‌కే మొదటి స్థానంలో నిలిచింది. అదే లైన్ వెనక అదే ఏడాది అతను 55 సార్లు సాక్ అయ్యాడు, జట్టు గెలిచింది మూడే ఆటలు. రన్ బ్లాకింగ్‌లో, అంటే పరుగు ఆటకు దారి చేసేటప్పుడు, లైన్‌మన్ ముందుకు దూకుతాడు, చొరవ అతనిది. పాస్ ప్రొటెక్షన్‌లో వెనక్కి జరుగుతూ ఎదుటివాడి ఎత్తుకు బదులిస్తాడు. ఒకటి వచ్చినవాడికి రెండోది వస్తుందన్న హామీ లేదు. పైగా క్వార్టర్‌బ్యాక్ పరుగు గజాల లెక్కను పెంచి లైన్ లోపాలను కప్పేస్తుంది. యాజమాన్యం ఆ గజాలు చూసి మరమ్మతును ఇంకో ఏడాదికి వాయిదా వేస్తుంది. 2024 మార్చిలో ఫీల్డ్స్‌ను పిట్స్‌బర్గ్‌కు పంపేశారు.

కాళ్లను లైన్‌కు సాయంగా వాడటం

ఇదే కాళ్లను లైన్ పని తేలిక చేయడానికి వాడొచ్చు. జోన్ రీడ్ అనే ఆటలో ఎడ్జ్ రషర్‌ను కావాలనే ఎవరూ పట్టుకోరు. క్వార్టర్‌బ్యాక్ అతన్నే చూస్తూ ఉంటాడు. అతను రనింగ్ బ్యాక్ వెంట లోపలికి పోతే బంతి తానే ఉంచుకుని బయటికి పరిగెడతాడు, అక్కడే ఆగితే బంతి రనింగ్ బ్యాక్‌కు ఇచ్చేస్తాడు. అంటే ఎదుటి జట్టులోని అతి ప్రమాదకరమైన మనిషిని ఎవరి బలమూ ఖర్చు కాకుండా ఆటలోంచి తప్పించినట్టు. మిగిలిన లైన్‌మెన్‌కు ఇద్దరు కలిసి ఒకడిని నెట్టే వీలు దొరుకుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. పరుగు భయంతో ఒక్క క్షణం తటపటాయించే రషర్ పాస్ ఆటలోనూ అర సెకను ఆలస్యంగా వస్తాడు.

2019లో బాల్టిమోర్ రేవెన్స్ చేసింది ఇదే. లామార్ జాక్సన్ చుట్టూ ఆటనంతా ఇలా అల్లారు. ముందు రానీ స్టాన్లీ, మార్షల్ యాండా లాంటి మేటి లైన్‌మెన్ ఉన్నారు. జట్టు 3,296 గజాలు పరిగెత్తి లీగ్ రికార్డు సృష్టించింది. జాక్సన్ 36 టచ్‌డౌన్ పాస్‌లు వేసి 23 సార్లే సాక్ అయ్యాడు, ఏకగ్రీవంగా ఎంవీపీ (సీజన్ మేటి ఆటగాడు) అయ్యాడు. కాళ్లు లైన్‌ను కాపాడాయా, లైన్ కాళ్లను కాపాడిందా అంటే రెండూ ఒకదాన్నొకటి మోశాయనే చెప్పాలి. ఒకటి తీసేస్తే ఆ సంఖ్యలు రావు.

ప్లే యాక్షన్ కూడా ఈ కోవలోదే. అందులో ఒక రకంలో లైన్ అంతా పరుగు ఆటలా ఒకవైపు కదులుతుంది, క్వార్టర్‌బ్యాక్ బంతి ఇచ్చినట్టు నటించి రెండోవైపుకు తిరుగుతాడు. ఒకవైపు మైదానమే చూడాలి, మూడు దూరాల్లో ముగ్గురు రిసీవర్లు ఉంటారు, ఎవరూ ఖాళీగా లేకపోతే పరుగు. కుర్రాడికి ఇంతకన్నా తేలికైన పాస్ ఆట లేదు. ఇబ్బందల్లా మూడో డౌన్‌లో (10 గజాలు దాటడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) 8 గజాలు కావాల్సి వచ్చినప్పుడు ఈ నటనను ఎవరూ నమ్మకపోవడం.

టాకిల్ ఓడుతున్నాడనిపిస్తే రనింగ్ బ్యాక్ గానీ టైట్ ఎండ్ (లైన్ చివర నిలబడి కాపలా కాసే, బంతి కూడా అందుకునే ఆటగాడు) గానీ బయటికి వెళ్తూ రషర్ పక్కటెముకల మీద ఒక దెబ్బ వేసి వెళ్లడం అందరూ వాడే మందు. ఒక రిసీవర్ ఆలస్యంగా బయల్దేరడం దీనికి చెల్లించే ఖరీదు. టైట్ ఎండ్‌ను పూర్తిగా వెనక ఉంచేస్తే ఏడుగురు కాపలా కాస్తారు, బంతి కోసం పరిగెత్తేవాళ్లు ముగ్గురే మిగులుతారు, వాళ్లకు ఏడుగురు డిఫెండర్లు ఎదురుంటారు. అప్పుడు బంతి ఎక్కువసేపు చేతిలో ఉంటుంది, ఎక్కువసేపు ఉంటే మళ్లీ సాక్ ప్రమాదం. అందుకే ఏడుగురి కాపలా చూడటానికి భద్రంగా ఉన్నా కుర్ర క్వార్టర్‌బ్యాక్‌కు అంత మేలు చేయదు. ఆ క్లీవ్‌ల్యాండ్ ఆటలో మాత్రం గారెట్ మీద ఇలాంటి సాయమూ తక్కువే, పాకెట్‌ను పక్కకు జరిపే ఆటలూ తక్కువే. 39 ఏళ్ల లెఫ్ట్ టాకిల్ జేసన్ పీటర్స్, మొదటిసారి దిగిన కుర్రాడు, ఎదురుగా లీగ్‌లోని మేటి రషర్లలో ఒకడు ఉన్నా అలాగే వదిలేశారు. అది ఆటగాళ్ల కన్నా ఆటలు రాసిన కోచ్‌ల వైఫల్యం.

68 నుంచి 24కి

2024లో బేర్స్ డ్రాఫ్ట్ మొదటి ఎంపికతో కేలెబ్ విలియమ్స్‌ను తీసుకున్నారు. చెయ్యి, చురుకుదనం రెండూ ఉన్నవాడు. మొదటి ఏడాదే 68 సార్లు సాక్ అయ్యాడు. నవంబరులో న్యూ ఇంగ్లండ్ మీద ఒక్క ఆటలోనే 9 సార్లు. ఆ ఆట 19-3తో ఓడిన రెండు రోజులకు అఫెన్స్ కోచ్ షేన్ వాల్డ్రన్‌ను, నెలాఖరుకు ప్రధాన కోచ్ మ్యాట్ ఎబర్‌ఫ్లస్‌ను తొలగించారు. గాయాలతో గార్డ్ స్థానాల్లో మనుషులు మారుతూనే ఉన్నారు. వీడియో నిదానంగా చూస్తే మాత్రం విలియమ్స్ వాటా కూడా తక్కువేమీ కాదు. పెద్ద ఆట కోసం బంతిని పట్టుకుని ఉండటం, వెనక్కి జారడం, వదిలేయాల్సిన చోట వదలకపోవడం అన్నీ కనిపిస్తాయి.

2025లో వచ్చిన ప్రధాన కోచ్ బెన్ జాన్సన్ హయాంలో ముందుగా మధ్య ముగ్గురినీ మార్చారు. కాన్సాస్ సిటీ నుంచి తూనీ, రామ్స్ నుంచి మరో గార్డ్ జోనా జాక్సన్, అట్లాంటా నుంచి సెంటర్ డ్రూ డాల్మన్ వచ్చారు. కుడివైపు డార్నెల్ రైట్ అప్పటికే ఉన్నాడు. గమనించాల్సింది లెఫ్ట్ టాకిల్ సంగతి. అక్కడ బ్రాక్స్‌టన్ జోన్స్‌తో మొదలుపెట్టి, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని తియో బెనెడెట్‌ను దించి, చివరికి రెండో రౌండ్ కుర్రాడు ఆజీ ట్రాపిలోకు అప్పగించారు. పాత సూత్రం ప్రకారం చూస్తే లెఫ్ట్ టాకిల్ ఇన్నిసార్లు మారిన జట్టు కూలిపోవాలి. విలియమ్స్ ఆ సీజన్‌లో 24 సార్లే సాక్ అయ్యాడు, జట్టు 11 ఆటలు గెలిచి తన డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచింది.

ఈ తగ్గుదలంతా గార్డ్‌ల పుణ్యమే అనడం తొందరపాటు. జాన్సన్ విలియమ్స్‌ను కాలేజీలో దాదాపు ఆడని రీతిలో, సెంటర్ వెనకే ఆనుకుని నిలబడి బంతిని నేరుగా చేతికి తీసుకునేలా తరచూ ఆడించాడు. దానివల్ల పరుగు ఆట, ప్లే యాక్షన్ ఒకేలా కనిపించి రషర్లు తడబడ్డారు. పాకెట్ బయటికి తీసుకెళ్లే ఆటలు ముందే రాసి ఉండటంతో, అతను పరిగెత్తినా అది లైన్‌కు తెలిసిన పరుగే అయింది. ఏమీ దొరకనప్పుడు బంతిని మైదానం పక్క గీత బయటికి విసిరేయడం అతను నేర్చుకున్నాడు. అందుకే చేరిన పాస్‌ల శాతం 2024 కన్నా తగ్గింది. ఆ శాతం చూసి వెనక్కి వెళ్లాడని రాసినవాళ్లు ఉన్నారు. బయటికి విసిరిన బంతికి సున్నా గజాలు, సాక్‌కు ఏడెనిమిది గజాల నష్టం, ఒక దెబ్బ. రెండో డౌన్‌లో 10 గజాలు కావాలా, 18 కావాలా అన్నది లైన్‌కు చాలా పెద్ద తేడా. 18 కావాలంటే ఎదుటి రషర్లకు పరుగు ఆట గురించి ఆలోచించే పనే ఉండదు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఆదివారం ఆట చూసే తెలుగు కుటుంబాలకు, అలాగే పిల్లలు స్కూల్లో ఈ ఆట మొదలుపెట్టిన తల్లిదండ్రులకు పనికొచ్చే పద్ధతి ఒకటుంది. సాక్ అయినప్పుడు రీప్లేను బంతి వైపు నుంచి కాకుండా సెంటర్ వైపు నుంచి చూడాలి. మొదట, ఎవరైనా తాకకుండా వచ్చాడా? వస్తే లైన్ ఏ వైపు జరిగిందో, రనింగ్ బ్యాక్ ఎటు చూశాడో చూడాలి. అది గుర్తు తప్పిన సాక్ కావచ్చు. ఎవరూ అలా రాకపోతే గార్డ్‌లు గీత నుంచి ఎంత వెనక్కి వచ్చారో చూడాలి. ఆ తరవాత క్వార్టర్‌బ్యాక్ పాదాలు ఏ గజం గీత మీద ఆగాయో లెక్కపెట్టాలి. మైదానం మీద గజానికో గుర్తు ఉంటుంది, పెద్ద కష్టం కాదు. చివరగా బంతి అందిన దగ్గర్నుంచి మనసులో మూడు అంకెలు లెక్కపెట్టాలి. మూడు దాటి, 10 గజాల లోతులో సాక్ అయితే టాకిల్ పేరు ఎత్తకముందు ఆ ఆటలో దగ్గరి రిసీవర్ ఎక్కడున్నాడో, అతను ఖాళీగా ఉన్నాడో లేదో ఒకసారి చూడండి.